పర్లాకిమిడి పంతులుగారు
(గిడుగు రామమూర్తి గారి చదువు, ఉద్యోగం, పరిశోధన)

ఏటా వేసవి దాటి పరీక్షా ఫలితాలు వచ్చే రోజులకు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ ఇంట చూసినా ఒకటే చర్చ. అబ్బాయికి బి.ఎస్సీ. అయింది, తర్వాత ఏం చేయించాలి? అమ్మాయి ఎం.ఏ. ప్యాసయింది, ఇంకా చదివించాలా, ఉద్యోగం చూడాలా? నోటిఫికేషన్ పడేదాకా కోచింగులో కూర్చోబెట్టాలా, హైదరాబాదో బెంగుళూరో పంపించాలా? సలహా చెప్పేవాళ్లు వీధికొకరు ఉన్నారు. ఆ సలహాలన్నీ ఉద్యోగం సంపాదించడం దగ్గరే ఆగిపోతాయి. ఉద్యోగం దొరికాక మనిషి ఎలా ఎదగాలి, ఇరవై ఒకటో ఏట చేతికొచ్చిన పట్టాకు అరవయ్యో ఏటిదాకా పదును ఎలా పెట్టుకోవాలి అన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

అది తెలుసుకోవడానికి దూరం పోనక్కర్లేదు. వంశధార ఒడ్డున పుట్టి, విజయనగరంలో చదువుకుని, పర్లాకిమిడిలో ముప్ఫై రూపాయల జీతానికి బడిపంతులుగా చేరిన ఒక మనిషి జీవితం మన కళ్ల ఎదుట ఉంది. ఆయన గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు. వ్యావహారిక భాషోద్యమ పితామహుడిగా ఆ పేరు తెలియని తెలుగువాడు ఉండడు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఫోటోకు దండ వేస్తాం, రెండు మాటలు మాట్లాడుకుంటాం, ఇళ్లకు పోతాం. ఆయన ఏం చదివారు, ఎలా చదివారు, జీతం రాళ్లతో సంసారం ఈదుతూనే అంత విద్వాంసులు ఎలా అయ్యారు అని అడిగేవారు తక్కువ. అంచేత ఈ వ్యాసంలో భాషోద్యమం గురించి కొంచెమూ, ఆయన వృత్తి జీవితం గురించి ఎక్కువగానూ చెప్పదలచాను. డిగ్రీలు, పీజీలు చదువుతున్న మన పిల్లలు దీన్ని ఒక్కసారి ఓపిగ్గా చదవాలని నా కోరిక.

తండ్రి పోయాక సాగిన చదువు

రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగ క్షేత్రానికి దగ్గర్లోని పర్వతాలపేటలో జన్మించారు. అప్పుడది గంజాం జిల్లా. తండ్రి వీర్రాజు గారు, తల్లి వెంకమ్మ గారు. తండ్రి రెవెన్యూ ఉద్యోగి. చోడవరానికి బదిలీ అయి, అక్కడ విషజ్వరంతో 1875లో చనిపోయారు. అప్పటికి రామమూర్తి గారికి పన్నెండేళ్లు. ఇంటి యజమాని పోయిన ఇంట్లో చదువు ఎలా సాగుతుందో మనలో చాలామందికి అనుభవమే. బంధువుల ఆసరాతో విజయనగరం చేరి, మహారాజావారి ఇంగ్లీషు బడిలో చదువుకున్నారు.

ఆనాటి విజయనగరం చదువుల ఊరు. మహారాజావారు 1857లో పెట్టిన బడి 1879కి కాలేజీ అయింది. ఆ బడిలో రామమూర్తి గారితో కలిసి చదువుకున్న కుర్రవాడే గురజాడ అప్పారావు గారు. ఇద్దరికీ వయసులో ఏడాది తేడా కూడా లేదు. బడిలో పడిన ఆ స్నేహం గురజాడ వారు 1915లో కన్నుమూసేదాకా నిలిచింది. ఒకరు రాసినది ఒకరు చూసుకున్నారు, ఒకరి వాదానికి ఒకరు బలమయ్యారు. ఈ రోజుల్లో పరిచయాలు పెంచుకోండి, పెద్దవాళ్లను పట్టుకోండి అని విద్యార్థులకు తరచు చెబుతుంటారు. క్లాసులో పక్క బెంచీ మీద కూర్చున్న స్నేహితుడి విలువ అంతకంటె తక్కువది కాదని ఈ ఇద్దరి జీవితాలూ చెబుతాయి.

1879లో రామమూర్తి గారు మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు. ఆ సంవత్సరమే పెళ్లి కూడా అయింది. సంసారం మీద పడింది. కాలేజీలో చేరే వీలు లేదు. మరుసటి ఏడాది, 1880లో, పర్లాకిమిడి రాజావారి స్కూల్లో ఫస్టుఫారం పిల్లలకు చరిత్ర చెప్పే ఉద్యోగంలో చేరారు. జీతం నెలకు 30 రూపాయలు. వయసు ఇంకా పదిహేడు నిండలేదు, లేదా అప్పుడే నిండింది.

ఉద్యోగం చేస్తూ పట్టా

సాధారణంగా కథ ఇక్కడితో అయిపోవాలి. రాజావారి కొలువు, నెల తిరిగేసరికి జీతం, ఊళ్లో పంతులుగారన్న గౌరవం. అంతకు మించి ఏం కావాలి? అలా సరిపెట్టుకున్నవాళ్లు ఆ కాలంలోనూ ఉన్నారు, ఈ కాలంలోనూ ఉన్నాం.

రామమూర్తి గారు సరిపెట్టుకోలేదు. పగలు పాఠాలు చెబుతూ, ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ. ప్యాసయ్యారు. ఆనాటి పర్లాకిమిడి ఎంత మూలనున్న ఊరో గుర్తుంచుకోవాలి. నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్నరైలు పడినది 1900లో. ఎఫ్.ఏ.కి చదివిన రోజుల్లో ఆ దారిన రైలు కూత వినబడలేదు. పుస్తకం కావాలంటే తెప్పించుకోవాలి, సందేహం వస్తే తనకు తానే తీర్చుకోవాలి. ఎఫ్.ఏ. తర్వాత బి.ఏ.కి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. 1890ల నడుమ, చరిత్ర ప్రధాన విషయంగా, మొదటి తరగతిలో బి.ఏ. ప్యాసయ్యారు. అంటే మెట్రిక్యులేషన్‌కీ బి.ఏ.కీ మధ్య సుమారు పదిహేనేళ్లు గడిచాయి.

పదిహేనేళ్లు! మన పిల్లలు ఒక్క ఏడాది వెనకబడితే తలవంపులు అనుకుంటారు. తోటివాడు ముందే ప్యాసయ్యాడని భోజనం మానేసేవాళ్లు ఉన్నారు. రామమూర్తి గారి స్నేహితుడు గురజాడ వారు 1886లోనే బి.ఏ. అయ్యారు. టీచరుగా, డిప్యూటీ కలెక్టరు ఆఫీసులో హెడ్ క్లర్కుగా, కాలేజీ లెక్చరరుగా, సంస్థానంలో శాసన పరిశోధకుడిగా ఒక్కొక్క మెట్టూ ఎక్కుతున్నారు. స్నేహితుడు పట్టా తీసుకున్న ఏడు తాను ఎఫ్.ఏ. అయ్యారు. దానికి కుంగిపోలేదు, పరుగులూ తియ్యలేదు. ఎవరి బరువు వారిది, ఎవరి నడక వారిది.

కొన్నాళ్లకు రాజావారి హైస్కూలు కాలేజీ అయింది. పట్టా చేతిలో ఉన్నందున రామమూర్తి గారికి కాలేజీ క్లాసులకు పాఠం చెప్పే అవకాశం వచ్చింది. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. అవకాశం వచ్చాక అర్హత కోసం పరుగెత్తలేదు. అర్హత ముందే సిద్ధం చేసి పెట్టుకున్నారు, అవకాశం వచ్చి దానితో కలిసింది.

గుడి స్తంభాల మీద పాఠం

చరిత్ర మాస్టారికి పాఠ్యపుస్తకం ఉంటే చాలు. రాజుల పేర్లు, యుద్ధాల తారీఖులు పిల్లల చేత వల్లె వేయించి ఉద్యోగం వెళ్లదీయవచ్చు. రామమూర్తి గారికి అది చాలలేదు. తాను పుట్టిన ఊరికి దగ్గర్లోనే ముఖలింగం ఉంది. అక్కడ మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలున్నాయి. మధుకేశ్వరాలయం రాళ్ల మీద, స్తంభాల మీద శాసనాలున్నాయి. తరతరాలుగా భక్తులు ఆ స్తంభాలకు చేతులానించి దణ్ణాలు పెట్టుకుపోతున్నారు. ఆ గీతల్లో ఏముందో చదివేవాడు ఊళ్లో లేడు.

రామమూర్తి గారు పాత లిపులు తమంతట తాము నేర్చుకున్నారు. గురువు లేడు, కోర్సు లేదు, సర్టిఫికెట్టు లేదు. అక్షరం పక్కన అక్షరం పెట్టుకుని పోల్చి, తెలిసినదాన్నిబట్టి తెలియనిదాన్ని ఊహించి, ఊహను మరో శాసనంతో సరిచూసి చదివారు. అలా కళింగాన్ని ఏలిన తూర్పు గాంగరాజుల చరిత్రలోకి దిగారు. నరసన్నపేట ప్రాంతంలోని నడగాం గ్రామంలో దొరికిన వజ్రహస్తుని తామ్రశాసనాలను చదివి, పరిష్కరించి, ఇంగ్లీషులో వ్యాసం రాశారు. శక సంవత్సరం 979, అంటే క్రీ.శ. 1057-58 నాటి శాసనాలవి. ఆ వ్యాసం భారత ప్రభుత్వ శాసనశాఖవారి ఎపిగ్రాఫియా ఇండికా నాలుగో సంపుటంలో అచ్చయింది. గాంగుల పాత రాజధాని కళింగనగరం ఎక్కడుందన్న ప్రశ్నకు, అది మన ముఖలింగమేనని ఆధారాలతో వాదించినవారిలో ఆయన ముఖ్యులు.

ఒక మారుమూల బడిపంతులు రాసిన వ్యాసం దేశంలోని పెద్ద పండితులు రాసే సంపుటంలో ఎలా అచ్చయింది? ఆయన వెనుక ఏ పెద్ద విశ్వవిద్యాలయమూ లేదు. ఉన్నది ఒక్కటే. ఎవరి దగ్గరా లేని సరుకు ఆయన దగ్గరుంది. ఆ సరుకు ఆయన ఇంటి పక్కనే ఉంది. దాన్ని పండితలోకం అడిగే పద్ధతిలో, ఆధారాలు చూపించి, అందరూ చదివే భాషలో రాశారు. ఈ రోజు పిహెచ్.డి. చేస్తున్న పిల్లలకు ఇంతకంటె మంచి పాఠం నాకు తెలియదు.

సవరల దగ్గర శిష్యరికం

పర్లాకిమిడి చుట్టూ కొండలు. కొండల మీద సవరలు. సంతరోజున కొండచీపుళ్లు, చింతపండు, పసుపు దింపుకుని వచ్చేవారు. వాళ్ల భాష కిందివాళ్లకు రాదు. కిందివాళ్ల భాష వాళ్లకు సరిగ్గా రాదు. తూకం దగ్గర మోసపోవాలన్నా వాళ్లే, దస్తావేజు దగ్గర మోసపోవాలన్నా వాళ్లే. నడుమ తర్జుమా చేసేవాడు ఎంత చెబితే అంత. ఊళ్లోవాళ్లు ఇది రోజూ చూస్తున్నదే. రామమూర్తి గారు మాత్రం వీళ్ల భాష నేర్చుకోవాలి, వీళ్ల భాషలోనే వీళ్లకు చదువు చెప్పాలి అనుకున్నారు.

తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని తమ ఇంట్లోనే పెట్టుకున్నారు. ఆనాటి కట్టుబాట్లలో ఒక బ్రాహ్మణ పంతులుగారు సవరను ఇంట్లో పెట్టుకుని, అతని ముందు శిష్యుడిలా కూర్చోవడం చిన్న విషయం కాదు. విద్య ఎవరి దగ్గరుంటే వారే ఉస్తాదు. అక్షరం ముక్క రానివాడు పట్టాదారుకు గురువు కాగలడని ఒప్పుకోవడానికి గుండె కావాలి. పెద్ద చదువులు చదివిన మన పిల్లలు నేతగాడి దగ్గరికో, జాలరి దగ్గరికో సర్వేకి వెళ్లినప్పుడు కుర్చీ ఎవరికి వేస్తున్నారో ఒక్కసారి చూసుకోవాలి.

సవర భాష తెలుగుకు గాని ఒరియాకు గాని చుట్టం కాదు. అది ముండా కుటుంబం భాష. సంతాలీ వంటి భాషలు దానికి బంధువులు. దూరపు చుట్టరికం వెదికితే కంబోడియాలోని ఖ్మేరు దాకా పోతుంది. అందులో గొంతు టక్కున నొక్కి పలికే ధ్వనులున్నాయి, వాటికి మన లిపిలో గుర్తులు లేవు. పేరుముక్క క్రియలో కలిసిపోయి ఒకే మాట అవుతుంది. మనకు తెలిసిన వ్యాకరణం చట్రంలో అది ఇమడదు. అంచేత రామమూర్తి గారు ఆ రోజుల్లో కొత్తగా వస్తున్న భాషాశాస్త్ర గ్రంథాలు తెప్పించుకుని చదివారు. ధ్వనులను గుర్తించి రాసే విధానం నేర్చుకున్నారు. చరిత్ర పట్టభద్రుడు లిపిశాస్త్రంలోకి, అక్కడినుంచి భాషాశాస్త్రంలోకి నడిచారు. ఒక్కొక్క పనీ రెండోదానికి దారి తీసింది. కాలేజీ సీటు నిర్ణయించిన సబ్జెక్టులోనే జీవితాంతం ఉండిపోవాలని ఎక్కడా రాసిలేదు.

పని పుస్తకాలతో ఆగలేదు. సవర భాషలో వాచకాలు తయారుచేశారు. సొంత డబ్బుతో సవరపిల్లలకు బళ్లు పెట్టించి, పంతుళ్లకు జీతాలిచ్చారు. ఆయన కొడుకు గిడుగు వెంకట సీతాపతి గారు ఈ పనిలో చేదోడయ్యారు. 1913లో మద్రాసు ప్రభుత్వం రావుబహదూర్ బిరుదు ఇచ్చింది.

దీనికి ఆయన చెల్లించిన మూల్యం కూడా చెప్పాలి. కొండల్లో తిరగడం వల్ల మలేరియా పట్టుకుంది. ఆ జ్వరానికి అప్పుడు క్వినైనే మందు. ఆ క్వినైను వాడకం వల్ల ఆయన చెవులు దెబ్బతిన్నాయి. మనుషుల నోటి నుంచి వచ్చే ధ్వనులను పట్టుకోవడమే పనిగా పెట్టుకున్న మనిషికి చెవుడు వచ్చింది. ఇంతకంటె కష్టం ఏముంటుంది? అయినా పని ఆపలేదు. సుమారు ముప్ఫై అయిదేళ్ల శ్రమ తర్వాత సవర భాషా వ్యాకరణం ఇంగ్లీషులో సిద్ధమైంది. మద్రాసు ప్రభుత్వం దాన్ని 1931లోనూ, సవర-ఇంగ్లీషు నిఘంటువును 1938లోనూ అచ్చువేసింది. వ్యాకరణం వచ్చేటప్పటికి ఆయనకు అరవై ఎనిమిదేళ్లు. ముండా భాషల మీద పనిచేసే పరిశోధకులు నేటికీ ఆ పుస్తకాలు తిరగేయక తప్పదు.

నలభై దాటాక మారిన మనసు

ఇక భాషోద్యమం సంగతి. 1906-07 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే దొరగారు ఉత్తర సర్కారులలో స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. ఆయనకో సందేహం కలిగింది. పిల్లలు మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో తెలుగు మరొకటి, ఎందుకిలా? ఈ ప్రశ్న విశాఖపట్నం ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారి దగ్గరికి, గురజాడ వారి దగ్గరికి, రామమూర్తి గారి దగ్గరికి వచ్చింది. అంతవరకూ రామమూర్తి గారు కూడా గ్రాంథికంలోనే రాసినవారు. నలభై దాటిన వయసులో, పాతికేళ్లకు పైగా పాఠం చెప్పిన అనుభవంతో, మొత్తం విషయాన్ని మొదటినుంచీ పరీక్షించుకున్నారు. సవరపిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పాలని పూనుకున్న మనిషికి, తెలుగుపిల్లలకు తెలుగువాళ్లు మాట్లాడే మాటలో చదువు చెప్పాలన్నది వింతగా తోచలేదు.

నేను ఉర్దూ మీడియం స్కూల్లో పంతుల్ని. ఇంట్లో ఒక మాట, వీధిలో ఒక మాట, పుస్తకంలో ఒక మాట పెట్టుకుని నెగ్గుకురావలసిన గుంటల్ని రోజూ చూస్తున్నవాణ్ణి. తెలివి లేక కాదు, మాట అందక వెనకబడ్డ పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు. అందువల్ల రామమూర్తి గారి వాదం పండితుల తగవుగా నాకు ఎప్పుడూ కనబడలేదు. అది చివరి బెంచీ పిల్లవాడి తరఫున వేసిన దావా.

ఆ దావా నడపడానికి ఆయన 1911లో, ముప్ఫై ఏళ్ల సర్వీసు ముగించుకుని, ఉద్యోగం నుంచి విరమించారు. అప్పటికి నలభై ఎనిమిదేళ్లు. ఆ ఏడాదే ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడింది, జయంతి రామయ్య పంతులు వంటి ఉద్దండులు గ్రాంథికం పక్షాన నిలిచారు. రామమూర్తి గారి పద్ధతి శాసనాల నాటి పద్ధతే. ప్రతిమాటకూ ఆధారం. పూర్వకవుల ప్రయోగాలు, పాతవచనాలు, తాళపత్రాలు గాలించి, ఏ రూపం ఎక్కడ ఎలా వాడారో చూపించేవారు. గ్రాంథికమే రాయాలనే పండితులు తమ రచనల్లో గ్రాంథికం ఎన్నిచోట్ల తప్పారో కూడా ఏరి చూపించేవారు. తన పక్షం సాహిత్యం ఎంత చదివారో, ఎదుటిపక్షం శాస్త్రం అంతకు రెట్టింపు చదివారు. థీసిస్ రాసేవారు ఈ మెళకువ పట్టుకోవాలి.

అయినా ఓటమి తప్పలేదు. 1912-13లో స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసం వాడుకభాషలో కూడా రాయవచ్చునని వెసులుబాటు వచ్చింది. వ్యతిరేకుల ఒత్తిడితో 1915లో దాన్ని తీసేశారు. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయం సంఘంలో గురజాడ వారు అసమ్మతి పత్రం రాసినా ఫలితం లేకపోయింది. మరుసటి ఏడాది గురజాడ వారే వెళ్లిపోయారు. చిన్ననాటి స్నేహితుడు పోయాడు, గెలిచిన కాస్తా చేజారింది, చెవులు వినబడవు, వయసు యాభై దాటింది. ఈ దశలో చాలామంది వాలుకుర్చీ చూసుకుంటారు.

ఆయన 1919లో తెలుగు అనే పేరుతో మాసపత్రిక పెట్టారు. ఆ ఏడాదే రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులు గారు అధ్యక్షులుగా వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. ఊరూరా తిరిగి గంటలకొద్దీ ఉపన్యాసాలిచ్చారు. కుర్ర రచయితలు ఒక్కొక్కరే ఆయన దారికి వచ్చారు. కథలు, నవలలు, పత్రికలు వాడుకభాషలోకి మళ్లాయి. గవర్నమెంటు ఉత్తర్వు ఇవ్వనిదాన్ని జనం కలం ఇచ్చింది.

చివరి రోజులు

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు రాష్ట్రమైంది. పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసింది. తెలుగువారు ఎక్కువగా ఉన్న ఆ ఊరు అటు పోవడం రామమూర్తి గారు సహించలేకపోయారు. యాభై ఆరేళ్లు తిరిగిన వీధులు వదిలి, ఆ రోజే బయలుదేరి రాజమండ్రి చేరారు. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదుతో గౌరవించింది. కాలేజీ గడప ఎక్కకుండా ప్రైవేటుగా చదువుకున్న పంతులుగారికి విశ్వవిద్యాలయం ఇచ్చిన గౌరవం అది. 1940 జనవరిలో, పోవడానికి వారం రోజుల ముందు కూడా, మద్రాసులో పత్రికలవారిని కూర్చోబెట్టుకుని వాడుకభాష గురించే చెప్పారు. ఆ నెల 22న కన్నుమూశారు.

ఆ తర్వాతి దశాబ్దాల్లో పాఠ్యపుస్తకాలు, పరీక్షలు వాడుకభాషలోకి వచ్చాయి. 2000ల తొలి దశాబ్దంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గిరిజన బాలలకు మాతృభాషలో ప్రాథమిక విద్య కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు అందులో సవర భాష కూడా ఉంది. వందేళ్ల కిందట ఒక పంతులుగారు జీతం డబ్బుతో చేసిన పని అది.

మన పిల్లలకు ఒక మాట

రామమూర్తి గారి జీవితాన్ని ఉద్యోగం లెక్కలో చూస్తే గొప్పగా ఏమీ కనబడదు. ఒకే ఊరు, ఒకే యాజమాన్యం, ముప్ఫై ఏళ్ల సర్వీసు. కలెక్టరు కాలేదు, ప్రొఫెసరు కాలేదు. అయితే ఆ ముప్ఫై ఏళ్లలో చరిత్రకారుడయ్యారు, శాసన పరిశోధకుడయ్యారు, భాషాశాస్త్రవేత్త అయ్యారు. ఉద్యోగం ఆయనకు అన్నం పెట్టింది. ఎదుగుదల మాత్రం ఆయన తెల్లవారుజామునా, రాత్రిళ్లూ, సెలవురోజుల్లోనూ సంపాదించుకున్నది. నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదే. ఉద్యోగం రాలేదని చదువు ఆపవద్దు, ఉద్యోగం వచ్చిందనీ చదువు ఆపవద్దు.

పీజీలో ప్రాజెక్టు, పిహెచ్.డి.లో థీసిస్ అంటే విషయం ఎక్కడ దొరుకుతుందా అని పిల్లలు పాత థీసిస్‌లు తిరగేస్తుంటారు. తల ఎత్తి చూడండి. ఉద్దానంలో వందలాది కుటుంబాలను కూల్చిన మూత్రపిండాల జబ్బుకు అసలు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. వైద్యం, రసాయనశాస్త్రం, భూగర్భశాస్త్రం చదివినవాళ్లకు అంతకంటె అవసరమైన ప్రశ్న ఏముంది? పొందూరులో చేపపన్నుతో పత్తి ఏకి సన్నఖద్దరు నేస్తున్నారు, ఆ చేతులకు ఎంత గిడుతోందో కామర్స్ విద్యార్థులు లెక్క కట్టవచ్చు. పలాసలో జీడిపప్పు ఒలిచే ఆడవాళ్ల వేళ్ల మాటేమిటి? బొబ్బిలి వీణ చేసేవారు, బుడితి ఇత్తడి పనివారు, శాలిహుండం స్తూపాలు, రామతీర్థం కొండలు, ఇవన్నీ మన గుమ్మం ముందున్న పుస్తకాలే. చదివేవాడు రావాలి. ముఖలింగం స్తంభాలు కూడా అలాగే కనిపెట్టుకుని ఉన్నాయి.

తల్లిదండ్రులకు కూడా ఒక మనవి. పిల్లవాడు మెల్లగా ప్యాసవుతున్నాడని, చిన్న ఉద్యోగంలో చేరాడని చిన్నబుచ్చకండి. అతని దగ్గర ఒక పుస్తకం, ఒక ప్రశ్న, రోజుకో గంట మెహనత్ ఉన్నాయా లేవా అన్నది చూడండి. ఆ మూడూ ఉంటే ముప్ఫై రూపాయల పంతులు ఎంతదాకా పోగలడో పర్లాకిమిడి పంతులుగారు చూపించి వెళ్లారు. వచ్చే ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేసేటప్పుడు, మన ఇంట్లో డిగ్రీ చదువుతున్న అబ్బాయినీ అమ్మాయినీ పక్కన నిలబెట్టి ఈ కథ చెబుదాం.